ఆవిరియంత్రపు నమూనాకు కవాటకాలము నమర్చుట

ఆవిరియంత్రపు చిన్న నమూనాను స్వహస్తములతో కూర్చు విద్యార్థికి పనియంతయు ముగిసినదని తోచు దినమొకటి వచ్చును. సిలిండరు నిగనిగలాడుచుండును. ఫ్లైవీలును వ్రేలితో త్రిప్పిన చాలసేపు తిరుగును. ఎక్కడను బిగువు లేదు. అట్లయ్యును ఆవిరి వదలగానే యంత్రము ఒక్కసారి ఉలికిపడి నిలిచిపోవును. చేతితో నెట్టినచో నాలుగు చుట్లు తిరిగి మఱల నిలుచును. లేదా ఒక వైపునకు బలముగను, మఱొక వైపునకు నీరసముగను కుంటుచు నడచును. అప్పుడతడు దేని ననుమానింపడు? బాయిలరు చాలదనును, పిస్టను వదులనును, తుదకు ఆకురాయి చేతబట్టి ఆవిరిద్వారములను వెడల్పు చేయ మొదలుపెట్టును. ఆకురాయి తినివేసిన లోహము మఱల మొలవదు. మంచి యంత్రమొకటి ఆ పూటతో చెడి, బీరువా అడుగున చేరును.

మేము చూచినంతవరకు ఇట్టి యంత్రములలో పెక్కింటికి ఏ రోగమును లేదు. లోపలి కవాటము తెఱచుకొనవలసిన క్షణమున తెఱచుకొనుట లేదు, అంతే. దానిని సరిచేయుటకు కావలసినవి ఒక స్పానరు, ఒక సన్నని మరత్రిప్పుడు, ఒక సూది, ఒక పెన్సిలు, రెండు గంటల తీరిక. ఆకురాయి యక్కఱలేదు. అయితే ఈ పనిలో రెండు వేఱు వేఱు సవరణలు కలవు. వానిని ఒకదానితో నొకటి కలిపివేయువాడు రెండు దినములు శ్రమించినను గమ్యము చేరడు. ఆ రెంటిని విడదీసి చెప్పుటయే ఈ వ్యాసముయొక్క పని.

అంగడులలో దొరకు బొమ్మయంత్రములు కొన్నింట సిలిండరే ఊగుచు తన ద్వారములను తానే తెఱచి మూసికొనును. వానికి అమర్పవలసిన కవాటము లేదు. మేము చెప్పబోవునది జారుకవాటము గల యంత్రమును గూర్చి. సిలిండరు ప్రక్కన ఆవిరిపెట్టె యుండి, అందులో చిన్న పెట్టెమూతవంటి పలక పైకిని క్రిందికిని జారుచుండును. విలియం మర్డాక్ 1799లో పేటెంటు పొందిన కవాటమునకు ఇది సంతతి. ఆంగ్లాక్షరమైన ‘డి’ ని బోర్లించినట్లుండుటచే దానికి డి-కవాటమని పేరు.

కవాటమునకు తన పని యెవరు చెప్పవలెనను ప్రశ్న ఆవిరియంత్రమంత పాతది. 1712లో థామస్ న్యూకోమెన్ నిలిపిన యంత్రమును గూర్చి ఒక కథ కలదు. కుళాయిలను వేళకు త్రిప్పుటకై నియమింపబడిన హంఫ్రీ పాటర్ అను బాలుడు ఆటమీద మనసుపడి, పైని ఊగుచున్న దూలమునకు త్రాళ్లు కట్టి, యంత్రము తన కుళాయిలను తానే త్రిప్పుకొనునట్లు చేసెనట. చరిత్రకారులు దీనిని అంతగా నమ్మరు. నమ్మినను నమ్మకున్నను, విషయమిందు చక్కగా నిమిడియున్నది. పిస్టను ఎక్కడనున్నదో ఎఱిగి ద్వారము తెఱచువాడొకడు కావలెను. ఆ యొకడు యంత్రమునకే కట్టబడిన త్రాడైన మఱియు మేలు. మన నమూనాయందు ఆ త్రాడు ఎక్సెంట్రిక్ అను చక్రము. ఇరుసు దాని నడుమగాక కొంచెము ప్రక్కగా దూరియుండుటచే అది తిరుగునప్పుడు కవాటపు కడ్డీని ముందునకును వెనుకకును త్రోయుచుండును. ఇరుసుమీద ఈ చక్రమును నిలుపునది ఒక చిన్న మరచీల. ఆ చీల సడలించినచో చక్రమును క్రాంకునకు ఏ కోణమందైనను నిలుపవచ్చును. మన కష్టములును వాని నివారణమును అక్కడనే యున్నవి.

ఇప్పుడు కొన్ని కొలతలు చెప్పుకొందము. ఇవి ఏ యొక కంపెనీ యంత్రమువియు గావు. లెక్క సులభముగా తేలుటకై మేమెన్నుకొన్నవి. సిలిండరు నిలువుగా నున్నదనియు, పిస్టను నడక 25 మి.మీ. అనియు అనుకొందము. ఆవిరిపెట్టె లోపలి నున్నని ముఖముమీద మూడు ద్వారములు: పైది 3 మి.మీ. వెడల్పు, సిలిండరు పైకొనకు పోవునది. క్రిందిదియు 3 మి.మీ., క్రిందికొనకు పోవునది. నడిమిది 6 మి.మీ., వాడిన ఆవిరి బయటికి పోవునది. వాని మధ్య 3 మి.మీ. చొప్పున రెండు గట్లు. అనగా పైద్వారపు పైయంచునుండి క్రిందిద్వారపు క్రిందియంచువఱకు 18 మి.మీ.

కవాటము సరిగా 18 మి.మీ. పొడవున్నచో నడుమ నిలిచినప్పుడు రెండు ద్వారములను సరిపోవునట్లు మాత్రమే కప్పును. అది ఇటు అటు వెండ్రుకవాసి కదలినను ఒక ద్వారము తెఱచుకొనును. అట్టి యంత్రమున పిస్టను ఒక కొననుండి మఱొక కొనకు పోవువఱకు ఆవిరి వచ్చుచునే యుండును. ఊయల నూపువాడు మొదట నొక త్రోపు త్రోసి విడిచిపెట్టును గాని చివరివఱకు దానివెంట పరుగెత్తడు గదా! ఆవిరిని కూడ మొదట కొంతసేపు రానిచ్చి ద్వారము మూసినచో, లోపలి ఆవిరి వ్యాకోచించుచు మిగిలిన పని తానే చేయును. 1782లో జేమ్స్ వాట్ పొందిన పేటెంటునందు ఈ మర్మము చేరియున్నది. ఇందుకై కవాటమును రెండు కొనలయందును 1.5 మి.మీ. చొప్పున పొడిగించి 21 మి.మీ. చేయుదురు. ఈ పొడిగింపునకు ‘లాప్’ అని పేరు. లోపలి గుల్ల పొడవు మాత్రము 12 మి.మీ.; అది ద్వారముల లోపలి యంచులకు సరిపోవును.

ఇక్కడ మా యభిప్రాయ మొకటి చెప్పక తప్పదు. పెద్ద యంత్రములలో వ్యాకోచమువలన బొగ్గు చాల మిగులును. చిన్న నమూనాలో సిలిండరు గోడలు ఆవిరిని వెంటనే చల్లార్చివేయును గావున ఆ లాభము స్వల్పము. అయినను లాప్ విడువరాదు. ఏలయనగా లాప్ గల కవాటము వాడిన ఆవిరిని పిస్టను కొన చేరకమునుపే బయటికి వదల నారంభించును. యంత్రము చురుకుగా తిరుగుటకు ఇదియే ముఖ్యము.

పిస్టను పైకొన చేరి మరలునప్పటికి పైద్వారము వెండ్రుకంత తెఱచుకొనియుండవలెను. ఈ ముందుతెఱపునకు ‘లీడ్’ అని పేరు. మన యంత్రమునకు 0.4 మి.మీ. చాలును. కావున పిస్టను కొననున్నప్పుడు కవాటము తన నడిమి స్థానమునుండి లాప్, లీడ్ రెండును కలిపి 1.9 మి.మీ. జరిగియుండవలెను. కవాటపు మొత్తము నడక 9 మి.మీ.; అందులో సగము 4.5. ఇందు 1.9 భాగమెంతయో చూచి సైను పట్టిక వెదకినచో 25 డిగ్రీల కోణము తేలును. లాప్ లేని కవాటమునకు ఎక్సెంట్రిక్ క్రాంకునకు 90 డిగ్రీలు ముందుండును. మన కవాటమునకు ఇంకను 25 చేర్చి 115 డిగ్రీలు ముందుండవలెను. యంత్రము తిరుగు దిక్కున ముందని గ్రహింపవలెను. అట్లమర్చినచో పిస్టను తన నడకలో నూటికి సుమారు 86 పాళ్లు పోయినంతట ఆవిరి ఆగును. 95 పాళ్లు పోయినంతట వాడిన ఆవిరి బయటికి దారి కనుగొనును. ఎలిమెంటరీ త్రికోణమితి దేనికి పనికివచ్చునని యడుగు విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూతురుగాక.

ఇక అసలు పని. ఆవిరిపెట్టె మూత తీసి, ద్వారములును కవాటపు అంచులును కంటికి కనబడునట్లు చేయవలెను.

మొదటి సవరణ కవాటపు కడ్డీమీద నున్న నట్టుతో చేయునది. దీనికిని క్రాంకునకును సంబంధము లేదు. పిస్టను ఎక్కడనున్నదో ఇప్పుడు చూడనేవలదు. ఎక్సెంట్రిక్ చీల సడలించి, ఇరుసుమీద ఆ చక్రమును మాత్రము మెల్లగా ఒక పూర్తిచుట్టు త్రిప్పవలెను. కవాటము మిక్కిలి క్రిందికి దిగినప్పుడు పైద్వారము తెఱచుకొనును. అప్పుడు ద్వారపు పైయంచునుండి కవాటపు పైయంచువఱకు ఎంత దూరమో కొలువవలెను. కవాటము మిక్కిలి పైకి పోయినప్పుడు క్రిందివైపునను అట్లే కొలువవలెను. రెండును 3 మి.మీ. అయినచో సమానము. పైన 3.5, క్రింద 2.5 వచ్చినదనుకొందము. కవాటము ఉండవలసిన చోటికంటె క్రిందుగా నున్నదన్నమాట. భేదము 1 మి.మీ. గాని జరుపవలసినది అందులో సగము మాత్రమే. ఒక వైపు తగ్గినది మఱొక వైపు పెరుగును గదా! 3 మి.మీ. లావు కడ్డీకి సాధారణముగా నుండు మర ఒక చుట్టునకు అర మి.మీ. జరుగును. నట్టు ఒక చుట్టు త్రిప్పిన సరిపోవును. ఈ సమానత్వము కుదిరినపిమ్మట ఆ నట్టును మఱచిపోవలెను. తరువాత యంత్రము ఎంత విసిగించినను, కారణము తెలియక దానిమీద చేయివేయరాదు.

రెండవ సవరణ ఎక్సెంట్రిక్ కోణము. దీనికి పిస్టను సరిగా కొననున్నప్పటి క్రాంకుస్థానము తెలియవలెను. దీనిని డెడ్ సెంటరు అందురు. కంటితో చూచి, ‘ఇదిగో, పిస్టను ఇక పైకి పోవుట లేదు’ అని నిర్ణయించుట పలువుర అలవాటు. ఆ యలవాటుయొక్క ఫలమును లెక్కవేసి చూడుడు. కొనకు దాపున పిస్టను దాదాపుగా నిలిచియుండును. క్రాంకు 5 డిగ్రీలు తిరిగినను మన యంత్రమున పిస్టను 0.05 మి.మీ. మాత్రమే కదలును. ఏ కన్నును దానిని పట్టజాలదు. కాని ఆ 5 డిగ్రీలలోనే కవాటము సుమారు 0.35 మి.మీ. జరిగిపోవును. మన లీడ్ మొత్తము 0.4 కదా! కంటికి కనబడని పొరపాటు లీడ్‌ను దాదాపుగా మ్రింగివేయుచున్నది. లేదా ఇంచుమించు ఇబ్బడి చేయుచున్నది. కవాటము నమర్చి విఫలులైనవారిలో ఎక్కువమంది ఇక్కడనే తప్పిపోయిరని మా నమ్మకము.

సరియైన మార్గమిది. ఒక తీగముక్కను పీఠమునకు బిగించి, దాని మొనను ఫ్లైవీలు అంచునకు తాకీతాకనట్లు నిలుపవలెను. పిస్టను పైకొనకు ఇంక 3 లేక 4 మి.మీ. దూరమున నున్నప్పుడు చక్రమును ఆపి, పిస్టను కడ్డీతలయగు క్రాసుహెడ్డుమీదను, అది జారు పట్టాలమీదను కలిసివచ్చునట్లు సూదితో ఒక సన్నని గీత గీయవలెను. తీగమొన యెదుట చక్రపు అంచున పెన్సిలుతో ఒక గుర్తు పెట్టవలెను. పిదప చక్రమును అదే దిక్కున త్రిప్పుచు పోవలెను. క్రాసుహెడ్డు పైకి పోయి, మరలి, దిగి, రెండు గీతలు మఱల కలియును. అక్కడ ఆపి తీగమొన యెదుట రెండవ గుర్తు పెట్టవలెను. ఈ రెండు గుర్తుల నడిమి దూరమును విభాగినితో సరిసమానముగా విభజించిన వచ్చు బిందువే మనకు కావలసినది. అది తీగమొన యెదుటికి వచ్చినప్పుడు పిస్టను నిజముగా పైకొననుండును. పిస్టను నిలిచియుండుచోటగాక, అది చురుకుగా కదలుచోట గుర్తులు పెట్టుటలోనే ఈ పద్ధతియొక్క బలమున్నది. క్రిందికొనకును ఇట్లే చేయవలెను. అది పైదాని కెదురుగానే యుండునని ఊహించి విడువరాదు.

ఇప్పుడు చక్రమును పైకొన గుర్తునకు తెచ్చి, ఎక్సెంట్రిక్‌ను మాత్రము యంత్రము తిరుగవలసిన దిక్కున త్రిప్పుచు, కవాటము క్రిందికి దిగి పైద్వారము 0.4 మి.మీ. తెఱచుకొనువఱకు తేవలెను. అంత సన్నని సందును కొలుచుట యెట్లని భయపడనక్కఱలేదు. ప్రింటరులలో వాడు సాధారణ కాగితము సుమారు 0.1 మి.మీ. మందముండును, నాలుగు ముక్కలు కలిపి దూర్చిన బిగువుగా పట్టవలెను. చీల బిగించి, చక్రమును అదే దిక్కున త్రిప్పుచు క్రిందికొన గుర్తునకు తెచ్చి, అక్కడి ద్వారమును ఆ కాగితములతోనే పరీక్షింపవలెను. గుర్తు దాటిపోయినచో కొంచెము వెనుకకు త్రిప్పి సరిపెట్టుట కూడదు. కీళ్లలో నుండు వదులు కొలతను చెఱచును. చాల వెనుకకు పోయి మఱల ముందునకు రావలెను.

ఇక్కడ రెండు సవరణల భేదము తేటపడును. పైన 0.6, క్రింద 0.2 వచ్చినదనుకొనుడు. రెండును అసమానములు, కావున దోషము కవాటపు స్థానమునది, సవరింపవలసినది నట్టు. ఎక్సెంట్రిక్‌ను ఎంత త్రిప్పినను రెండును కలిసి పెరుగును, కలిసి తగ్గును, భేదము పోదు. పైన 0.1, క్రిందను 0.1 వచ్చినచో అవి సమానములే గాని చాలవు. ఇప్పుడు నట్టుతో పనిలేదు; ఎక్సెంట్రిక్‌ను కొంచెము ముందునకు త్రిప్పవలెను. అసమానమైన నట్టు, సమానమై తప్పైన ఎక్సెంట్రిక్: ఈ యొక్క వాక్యమును పెట్టెమూత లోపలివైపున చెక్కించుకొన్నను తప్పులేదు.

తెలివిగల విద్యార్థి యొకడు ఇచ్చట ఆక్షేపింపవచ్చును. రెండు కొనలయందు లీడ్ సమానమైనంతమాత్రమున ఆవిరి ఆగుటయు సమానమగునా? కాదు. కనెక్టింగు రాడ్డు ఏటవాలుగా ఊగుటచే పిస్టను పైసగమున వేగముగను, క్రిందిసగమున మెల్లగను నడచును. రాడ్డు పొడవు క్రాంకునకు నాలుగింతలున్నచో మన యంత్రమున పైనుండి దిగునప్పుడు నూటికి 89 పాళ్లకును, క్రిందినుండి ఎక్కునప్పుడు 83 పాళ్లకును ఆవిరి ఆగును. దీనిని సమానము చేయబోయిన లీడ్ చెడును. చిన్న యంత్రమునకు లీడ్ సమానముగ నుంచి, ఈ భేదమును సహించుటయే మంచిదని మేము తలంచుచున్నాము.

మూత బిగించిన పిదప వెంటనే బాయిలరు వెలిగింపరాదు. రబ్బరు గొట్టము తగిలించి సైకిలు పంపుగాలితో త్రిప్పి చూడవలెను. ఆవిరి కాల్చును, గాలి కాల్చదు. పైగా గాలియందు చప్పుడు స్పష్టముగా వినబడును. బాయిలరు వెలిగించు దినమున పెద్దవారొకరు దగ్గఱ నుండవలెను.

చెవి ఇక్కడ కంటికంటె మంచి సాక్షి. చుట్టునకు రెండుసార్లు వాడిన గాలి బయటికి పోవును. రెండు చప్పుళ్లు సమానముగా, తాళము తప్పక వినబడవలెను. ఒకటి గట్టిగను, మఱొకటి మెత్తగను ఉన్నచో నట్టువైపు చూడవలెను. రెండును సమానమై, యంత్రము మందముగా, బరువు మోయుచున్నట్లు తిరిగినచో ఎక్సెంట్రిక్ వెనుకబడినదేమో పరీక్షింపవలెను. పిస్టను కొన చేరకముందే ఎదురుదెబ్బ తగిలినట్లు చక్రము వెనుకకు తన్నినచో ఎక్సెంట్రిక్ మితిమీరి ముందున్నది. తలచిన దిక్కున గాక ఎదురుదిక్కున హాయిగా తిరిగినచో దోషమే లేదు. ఎక్సెంట్రిక్ క్రాంకునకు రెండవ వైపున నున్నది, అంతే. ఆ వైపునకు అదే 115 డిగ్రీలు కొలిచి మార్చిన చాలును. రైలుయింజనులలో డ్రైవరు ఒక్క మీటతో ఈ మార్పు చేయుటకై 1842లో స్టీఫెన్‌సన్ కర్మాగారమున రెండు ఎక్సెంట్రిక్కుల నొక వంపు లంకెతో కలుపు ఏర్పాటు చేసిరి. రెండేండ్లకు బెల్జియము దేశస్థుడైన వాల్‌షార్ట్స్ మఱొక పద్ధతికి పేటెంటు పొందెను. మన దేశమున నీలగిరి, డార్జిలింగు కొండదారులలో నేటికిని ఆవిరియింజనులు నడచుచున్నవి. సామాన్యముగా రెండు సిలిండర్ల యింజను చక్రము ఒకసారి తిరుగునంతలో నాలుగు ఊర్పులు విడుచును. అందొకటి కుంటినచో దూరముననుండియే ఏ కవాటము తప్పినదో చెప్పగల పనివారు లోకోషెడ్డులలో నుండెడివారు.

గాలితో సరిగా నడచిన యంత్రము ఆవిరితో కొంచెము భిన్నముగా నడచుటయు కలదు. వేడికి కవాటపు కడ్డీ సాగును. ఆ సాగుట స్వల్పమే గాని, లీడ్ కూడ స్వల్పమే. కావున వేడిమీద పది నిమిషములు నడిపి, చల్లార్చి, కాగితపు ముక్కలతో మఱల నొకసారి చూచుట మంచిది. ఎక్సెంట్రిక్ చీల జారకుండ ఇరుసుమీద చిన్న గుంట త్రవ్వు ఆచారము కలదు. ఆ గుంటను మొదటిదినమే త్రవ్వవలదు. కొన్నిదినములు యంత్రమును బరువుతో నడిపి, చప్పుడు స్థిరపడినదని నిశ్చయించుకొని, ఎక్సెంట్రిక్ అంచునను ఇరుసునను సూదితో ఒకే గీత గీసికొని, అప్పుడు త్రవ్వవలెను.